తర్వాతి రాష్ట్రపతి ఎవరు? బెజవాడలో తరచుగా అడిగే ప్రశ్నలు

గవర్నర్‌పేటలో గ్రూప్స్ పరీక్షలకు చదివేవారికి చాలా ఏళ్లుగా రాజ్యాంగం పాఠాలు చెబుతున్నాను. మామూలు రోజుల్లో రాష్ట్రపతి ఎన్నిక పాఠమంటే సగం తరగతి ఆవలిస్తుంది. పదవీకాలం చివరికి వచ్చేసరికి మాత్రం తరగతిలోని వారే కాదు, బీసెంట్ రోడ్డులో బట్టల కొట్టు ఆయన, మా అపార్టుమెంటు వాచ్‌మన్, గుంటూరు నుంచి ఫోను చేసే బావగారు, అందరూ ఒకటే అడుగుతారు: ‘‘ఈసారి ఎవరండీ?’’ విడివిడిగా చెప్పి చెప్పి గొంతు పోతోంది కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. పేరు చెప్పడం నా వల్ల కాదు. పేరు ఎలా పుడుతుందో చెప్పగలను.

ఎన్నిక ఎప్పుడు?

ద్రౌపదీ ముర్ము 2022 జూలై 25న ప్రమాణం చేశారు. అయిదేళ్ల గడువు 2027 జూలై 24తో తీరుతుంది. ఆలోపే ఎన్నిక పూర్తి కావాలని 62వ అధికరణం చెబుతోంది. గడువుకు అరవై రోజుల ముందు నుంచి ఎప్పుడైనా నోటిఫికేషన్ ఇవ్వవచ్చు. గత రెండుసార్లూ జూన్ మధ్యలో నోటిఫికేషన్ వచ్చింది, జూలై మూడో వారంలో పోలింగ్ జరిగింది (2017లో 17న, 2022లో 18న). ఈసారీ అదే వరస అనుకోవచ్చు.

రాష్ట్రపతి అంటే రాష్ట్రానికి పతి కదా, దేశానికి ఎలా అవుతారు?

ఏటా కనీసం ఒక్కరైనా అడిగే ప్రశ్న. నవ్వకండి, తెలుగువారికి ఇది న్యాయమైన సందేహమే. సంస్కృతంలో రాష్ట్రమంటే దేశం. హిందీ ఆ అర్థాన్నే ఉంచుకుంది. మనం ఆ మాటను ఆంధ్రకూ తెలంగాణకూ ఇచ్చేసి, దేశాధినేతను మాత్రం హిందీ పేరుతోనే పిలుస్తున్నాం. స్వాతంత్ర్యానికి ముందు కాంగ్రెస్ అధ్యక్షుణ్ని కూడా రాష్ట్రపతి అనేవారు. 1939లో మన బందరు పట్టాభి సీతారామయ్య సుభాష్ చంద్రబోస్ చేతిలో ఓడింది ఆ ‘రాష్ట్రపతి’ ఎన్నికలోనే. బోస్‌కు 1580, పట్టాభికి 1377. కృష్ణా జిల్లాకు ఈ పదంతో చుట్టరికం పాతదే.

మనకు ఓటు లేదు సరే, మన ఎమ్మెల్యే ఓటుకు ఎంత బలం?

రాష్ట్రపతిని ఎన్నుకునేది ఎన్నికైన ఎంపీలు, ఎమ్మెల్యేలు. వారి ఒక్కో ఓటుకు ఒక విలువ ఉంటుంది. 2022 లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159. ఎంపీ ఓటు విలువ 700. విజయవాడ తూర్పు, పశ్చిమ, సెంట్రల్ ఎమ్మెల్యేలు ముగ్గురూ, గుంటూరు తూర్పు, పశ్చిమ ఎమ్మెల్యేలు ఇద్దరూ కట్టగట్టుకుని ఒకరికే వేసినా 795. ఢిల్లీలో ఓటు వేసే ఎంపీ ఒక్కరితోనే దాదాపు సరిసమానం. రాష్ట్రం మొత్తానికి 175 మంది ఎమ్మెల్యేలు కలిపి 27,825. లోక్‌సభకు 25 మంది, రాజ్యసభకు 11 మంది ఎంపీలు ఉన్నారు కాబట్టి మరో 25,200. దేశం మొత్తం విలువ ఆ ఏడాది 10,86,431. అంటే అయిదు శాతానికి కాస్త తక్కువ మన చేతిలో ఉన్నట్టు.

ఎమ్మెల్సీలకు ఓటు లేదు. రాజ్యసభకు నామినేట్ అయినవారికీ లేదు. తెలిసిన ఎమ్మెల్సీ ఉన్నారని ఎవరైనా గొప్పలు పోతే నిదానంగా ఈ మాట చెప్పండి.

ఆ 159 ఎక్కడి నుంచి వచ్చింది? ఈసారి మారుతుందా?

ఇది అసలైన ప్రశ్న. పేర్ల గురించి అడిగేవారు వందమంది ఉంటే దీన్ని అడిగేవారు ఒక్కరు.

రాష్ట్ర జనాభాను ఎన్నికైన ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ వెయ్యితో భాగిస్తారు. అయితే జనాభా ఇప్పటిది కాదు, 1971 నాటిది. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలకు అన్యాయం జరగకూడదని అంకెను అక్కడే ఆపేశారు. 2001లో చేసిన 84వ సవరణ ప్రకారం, 2026 తర్వాత జరిగే మొదటి జనగణన అంకెలు ప్రచురితమయ్యే వరకు ఇదే కొనసాగుతుంది. జనగణన 2027లో జరగాలని నిర్ణయించారు, దేశంలో చాలా భాగానికి లెక్క తేదీ మార్చి 1. రాష్ట్రపతి ఎన్నిక జూలైలో. ఆ నాలుగు నెలల్లో అంకెలు అధికారికంగా వెలువడకపోతే 1971 జనాభాతో జరిగే ఎన్నికల్లో ఇదే చివరిది కావచ్చు.

దాని తర్వాత ఏమవుతుందో ఊహించడానికి 2011 జనగణన అంకెలు వేసి చూడండి. ఇప్పుడు ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే విలువ 208, మొత్తం శాసనసభ విలువ 83,824. మనకు దాదాపు మూడు రెట్లు. 2011 జనాభాతో లెక్కకడితే ఆ తేడా నాలుగు రెట్లవుతుంది. అభ్యర్థిని ఎంచుకునేవారు ఏ ప్రాంతాన్ని మెప్పించాలో ఈ అంకెలే చెబుతాయి. ‘దక్షిణాదికి ఈసారి అవకాశం’ అనే మాట రేపు ఎంత బలంగా వినిపిస్తుందన్నది ఇక్కడ తేలుతుంది, టీవీ చర్చల్లో కాదు.

ఎంపీ విలువ కూడా స్థిరం కాదు. దేశంలోని ఎమ్మెల్యేలందరి ఓట్ల విలువను ఎన్నికైన ఎంపీల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే అది. 2017లో 708 ఉండేది. 2022లో జమ్మూ కశ్మీరుకు శాసనసభ లేకపోవడంతో 700కు దిగింది. 2024లో అక్కడ మళ్లీ శాసనసభ ఏర్పడింది.

లెక్క ఎవరి వైపు ఉంది?

2022లో ముర్ముకు 6,76,803, యశ్వంత్ సిన్హాకు 3,80,177 విలువైన ఓట్లు వచ్చాయి. అప్పటికి లోక్‌సభలో బీజేపీకి సొంత బలం ఉంది. 2024లో ఆ పార్టీ 240 దగ్గర ఆగింది, కూటమిగా 293. కాబట్టి ఈసారి మిత్రపక్షాల మాటకు బరువు పెరిగింది. పదహారు మంది లోక్‌సభ సభ్యులున్న తెలుగుదేశం అందులో ముందు వరుస. మన శాసనసభలో 2024 ఫలితాల ప్రకారం కూటమి వైపు 164 మంది (26,076), వైఎస్సార్‌సీపీ వైపు 11 మంది (1,749).

2027 వేసవిలోపే ఉత్తరప్రదేశ్‌లో శాసనసభ ఎన్నికలు జరగాలి. ఆ ఫలితాలు వచ్చాక లెక్క మరొకసారి వేసుకోండి. అంతవరకు వేసే లెక్క పెన్సిలుతో వేసినట్టే.

పేర్లు ఇప్పటి నుంచే వినిపిస్తున్నాయి. ఎంతవరకు నమ్మాలి?

నా అనుభవం చెబుతాను. 2022లో నేను వెంకయ్యనాయుడు పేరు మీద నలుగురితో ఫిల్టర్ కాఫీ పందెం కాశాను. ఉపరాష్ట్రపతిగా ఉన్నారు, పార్టీకి పాతకాపు, నెల్లూరు జిల్లా మనిషి. జూన్ 21న బీజేపీ పెద్దలు ఆయన ఇంటికి వెళ్లారన్న వార్త రాగానే తరగతిలో చప్పట్లు కూడా కొట్టించాను. అదే రోజు రాత్రి ముర్ము పేరు ప్రకటించారు. నాలుగు కాఫీలు ఇప్పించాను.

2017లోనూ అంతే. అద్వానీ, మురళీ మనోహర్ జోషి, సుష్మా స్వరాజ్, సుమిత్రా మహాజన్ పేర్లు నెలల తరబడి నలిగాయి. జూన్ 19న బీహార్ గవర్నరు రామ్‌నాథ్ కోవింద్ పేరు బయటికి వచ్చింది. ఆ పేరు నేను అప్పటిదాకా పాఠంలో ఒక్కసారి కూడా చెప్పలేదు. విచిత్రం ఏమిటంటే ఆ ఏడాది తిరిగిన పేర్లలో అప్పటి జార్ఖండ్ గవర్నరు ద్రౌపదీ ముర్ము పేరూ ఉంది. వార్త నిజమే, అయిదేళ్లు తొందరపడింది.

2012లో ములాయం, మమత కలిసి మూడు పేర్లు ప్రకటించారు: కలాం, మన్మోహన్ సింగ్, సోమనాథ్ ఛటర్జీ. రెండు రోజులు తిరక్కుండానే ప్రణబ్ ముఖర్జీ పేరు ఖాయమైంది, ములాయం ఆయనకే మద్దతు పలికారు. 2002లో అప్పటి మహారాష్ట్ర గవర్నరు పి.సి. అలెగ్జాండర్ పేరు, మనకు గవర్నరుగా పనిచేసిన కృష్ణకాంత్ పేరు తిరిగి తిరిగి, చివరికి చెన్నైలో పాఠాలు చెప్పుకుంటున్న కలాం దగ్గర ఆగింది. కేంద్రంలో తెలుగుదేశం మాట చెల్లుబాటయ్యే రోజులవి.

ముందుగా తిరిగే పేర్లలో చాలావరకు ఎవరో వదిలినవే. కొన్ని ఆ మనిషిని పెంచడానికి, కొన్ని ఆ మనిషికి అడ్డుపుల్ల వేయడానికి. పెళ్లిచూపులకు ముందే ఊరంతా చెప్పేసిన సంబంధం కుదిరినట్టు ఎక్కడైనా విన్నారా?

ఊహించడానికి పద్ధతంటూ ఏమైనా ఉందా?

జోస్యం లేదు గానీ గుర్తులు ఉన్నాయి. మొదటి పదిమంది రాష్ట్రపతుల్లో ఆరుగురు ఉపరాష్ట్రపతి పదవి నుంచి వచ్చారు. కె.ఆర్. నారాయణన్ తర్వాత ఆ మెట్టు మీంచి ఎవరూ ఎక్కలేదు. ఆయన తర్వాతి అయిదుగురిలో ముగ్గురు గవర్నర్లుగా పనిచేసినవారు: ప్రతిభా పాటిల్, కోవింద్, ముర్ము. కాబట్టి ఢిల్లీలో ఎక్కువగా కనిపించే నాయకుల కన్నా, ఏదో ఒక రాష్ట్రంలో వివాదాలకు దూరంగా ఉన్న గవర్నర్ల జాబితా తీసి చదవడం మేలు.

వయసు మరో గుర్తు. ఇంతవరకు 77 నిండిన వారెవరూ రాష్ట్రపతిగా ప్రమాణం చేయలేదు. వెంకట్రామన్, నారాయణన్, ప్రణబ్ ముగ్గురూ 76లో చేశారు. అందరిలోకీ చిన్న వయసులో వచ్చినవారు ముర్ము, 64 ఏళ్లు. ఆమె కన్నా కేవలం నెల రోజుల పెద్ద వయసులో వచ్చినవారు మన నీలం సంజీవరెడ్డి.

మూడోది, ఏ వర్గానికి సందేశం పంపాలని అధికార పక్షం అనుకుంటోందన్నది. దళిత వర్గం నుంచి కోవింద్, ఆదివాసీ మహిళ ముర్ము ఎంపికలో అది స్పష్టంగా కనిపించింది. ఈ కోణంలో ఆలోచిస్తే మనిషి కన్నా ముందు ఆ సందేశం తేలుతుంది.

ముర్మునే కొనసాగించవచ్చు కదా?

57వ అధికరణం అడ్డు చెప్పదు. ఆచారం అడ్డు చెబుతుంది. రెండుసార్లు ఎన్నికైనవారు రాజేంద్రప్రసాద్ ఒక్కరే. అందుకే నేను ఈ అవకాశాన్ని కొట్టిపారేయను, పందెమూ కాయను.

సి.పి. రాధాకృష్ణన్?

2025 సెప్టెంబరులో ఉపరాష్ట్రపతి అయ్యారు, అంతకుముందు మహారాష్ట్ర గవర్నరు. పైన చెప్పిన రెండు మెట్లూ ఎక్కినవారు. అయితే 1997 తర్వాత ఉపరాష్ట్రపతులకు పట్టిన గతి గుర్తుంచుకోవాలి. 2022 జూన్ దాకా వెంకయ్యనాయుడి గురించీ మనం ఇలాగే మాట్లాడుకున్నాం.

ఇంతకీ వెంకయ్యనాయుడి మాటేమిటి?

గుంటూరు బావగారి ప్రశ్న ఇది, ప్రతి ఆదివారం. ఆయన పుట్టింది 1949 జూలై 1న. ఎన్నిక నాటికి 78 నిండుతాయి. పైన రాసిన వయసు లెక్క చూడండి. అభిమానం వేరు, ఆనవాయితీ వేరు బావగారూ.

తెలుగువారికి ఈసారైనా దక్కుతుందా?

ఇప్పటికి ముగ్గురు తెలుగు మాతృభాషగా ఉన్నవారు ఆ కుర్చీలో కూర్చున్నారు: తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్, బరంపురంలో పుట్టిన వి.వి. గిరి, అనంతపురం జిల్లా ఇల్లూరు వాసి సంజీవరెడ్డి. 1982 తర్వాత ఎవరూ లేరు. బాధ అర్థం చేసుకోదగినదే. కానీ ‘తెలుగువాడు’ అన్న మాట ఓట్లు తెస్తుందనుకునేవారు 1969 కథ వినాలి.

ఆ ఏడాది మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే మరణించారు. ఉపరాష్ట్రపతి గిరి తాత్కాలికంగా బాధ్యతలు తీసుకున్నారు. కాంగ్రెస్ పెద్దలు బెంగళూరు సమావేశంలో లోక్‌సభ స్పీకరు సంజీవరెడ్డిని అభ్యర్థిగా ఎంపిక చేశారు. ప్రధాని ఇందిరకు అది నచ్చలేదు. గిరి రాజీనామా చేసి స్వతంత్రంగా బరిలోకి దిగారు. ‘ఆత్మప్రబోధం మేరకు ఓటు వేయండి’ అని ఇందిర పిలుపునిచ్చారు. ఆగస్టు 16న పోలింగ్. దేశమంతా రెండు పక్షాలుగా చీలి ఇద్దరు తెలుగువారికి ఓట్లు వేసింది. ఒక్కరు కూడా ‘తెలుగువాడికి వేశాం’ అనుకుని వేసి ఉండరు.

ఈ ఎన్నికలో ఓటరు అభ్యర్థుల పేర్ల ఎదుట 1, 2 అని తన ప్రాధాన్య క్రమం రాస్తారు. మొదటి ప్రాధాన్య ఓట్లలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, మూడో అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769. గెలవడానికి కావలసింది 4,18,169. ఎవరికీ రాలేదు. వెనకబడిన వారిని తొలగించి రెండో ప్రాధాన్యాలు పంచారు. అవి పెద్దభాగం సంజీవరెడ్డికే వెళ్లాయి, అయినా చాల్లేదు. గిరి 4,20,077 దగ్గర గట్టెక్కారు, సంజీవరెడ్డి 4,05,427 దగ్గర ఆగారు. కావలసినదాని కన్నా గిరికి ఎక్కువ వచ్చింది 1,908 మాత్రమే. నేటి లెక్కలో పన్నెండు మంది ఆంధ్రా ఎమ్మెల్యేలంత. రాష్ట్రపతి ఎన్నిక రెండో ప్రాధాన్యాల దాకా వెళ్లి తేలింది ఆ ఒక్కసారే. కొన్ని నెలల్లో కాంగ్రెస్ రెండుగా చీలింది.

దానికి రెండేళ్ల ముందు రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు, భారత ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి ప్రతిపక్షాల అభ్యర్థిగా నిలబడి జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడారు. ఇక 1977లో సంజీవరెడ్డి తిరిగొచ్చారు. రాష్ట్రంలోని 42 లోక్‌సభ స్థానాల్లో కాంగ్రెస్ 41 గెలిచిన ఎన్నికలో, మిగిలిన ఒక్కటి నంద్యాల నుంచి ఆయనది. ఆ జూలైలో 37 మంది నామినేషన్లు వేస్తే 36 తిరస్కరణకు గురై, ఆయన పోటీ లేకుండా ఎన్నికయ్యారు. ఇంతవరకు మరెవరికీ దక్కని ఘనత అది.

2025 ఉపరాష్ట్రపతి ఎన్నిక మరీ దగ్గరి ఉదాహరణ. ప్రతిపక్షాల అభ్యర్థి జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి తెలుగువారు. తెలుగుదేశం, వైఎస్సార్‌సీపీ, జనసేన మూడూ తమిళనాడుకు చెందిన రాధాకృష్ణన్‌కే వేశాయి. 452–300తో తేలిపోయింది. కాఫీ హోటళ్లలో రెండు రోజులు చర్చ జరిగింది, ఆ తర్వాత అందరూ మరిచిపోయారు.

ఎమ్మెల్యే పార్టీని కాదని ఓటు వేస్తే పదవి పోతుందా?

పోదు. ఫలానావారికే వేయాలని పార్టీ విప్ (ఆదేశం) జారీ చేసే వీలు లేదు, ఓటు రహస్యం. ఎన్నికల సంఘం ఇచ్చిన ఊదా రంగు సిరా పెన్నుతోనే 1, 2 అని ప్రాధాన్యం రాయాలి, సొంత పెన్ను వాడితే ఓటు చెల్లదు. ఎంపీలకు ఆకుపచ్చ బ్యాలెట్, ఎమ్మెల్యేలకు గులాబీ బ్యాలెట్. గుర్తులుండవు.

గెలవదని తెలిసి ప్రతిపక్షం ఎందుకు నిలబెడుతుంది?

లెక్కలో ఓడినా మాట నిలబెట్టుకోవడానికి. 2022లో శరద్ పవార్, ఫరూఖ్ అబ్దుల్లా, గోపాలకృష్ణ గాంధీ వరుసగా వద్దన్నాక యశ్వంత్ సిన్హా ఒప్పుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆయనకు ఒక్క ఓటూ పడలేదు. ఉప్పు నిప్పుగా ఉన్న తెలుగుదేశం, వైఎస్సార్‌సీపీ రెండూ ముర్ముకే వేశాయి. ప్రచారానికి వచ్చినప్పుడు ఆమె రెండు పక్షాలనూ విడివిడిగా కలిశారు. రాష్ట్రపతి ఎన్నిక మన రాష్ట్రంలో చేసే అద్భుతాల్లో అదొకటి.

నేను నామినేషన్ వేయవచ్చా?

35 ఏళ్లు నిండి, లోక్‌సభకు పోటీ చేసే అర్హత ఉండి, లాభదాయక పదవిలో లేకపోతే వేయవచ్చు. ధరావతు 15,000 రూపాయలు. యాభై మంది ఓటర్లు ప్రతిపాదించాలి, మరో యాభై మంది బలపరచాలి. ఓటర్లంటే మీ వీధివారు కాదు, ఎంపీలు, ఎమ్మెల్యేలు. ఈ నిబంధన లేని రోజుల్లో, 1967లో, 17 మంది పోటీ చేస్తే తొమ్మిదిమందికి సున్నా వచ్చింది. 2022లోనూ వందకు పైగా నామినేషన్ పత్రాలు దాఖలయ్యాయి, బరిలో మిగిలింది ఇద్దరు.

పందెం కాస్తే ఎలా ఉంటుంది?

నేరం. ఎన్నికల మీద డబ్బు పందేలు మన జిల్లాలకు కొత్త కాదని నాకూ తెలుసు. కాఫీకి మించి వెళ్లకండి. నా కాఫీల సంగతి పైన చెప్పాను.

మేం అడిగింది అమెరికా గురించి.

వాళ్లది 2028 నవంబరు 7. మీ అబ్బాయికి డల్లాస్ ఫోను చేసి అడగండి, నాకన్నా బాగా చెబుతాడు.

మరి ఏ రోజు నుంచి వార్తలు సీరియస్‌గా చదవాలి?

ముందు ఉత్తరప్రదేశ్ ఫలితాలు. తర్వాత జనగణన అంకెల మీద కేంద్రం చేసే ప్రకటన. ఆ పైన జూన్ మూడో వారం. అప్పుడు పాలక పక్షం పార్లమెంటరీ బోర్డు సమావేశం ఏ సాయంత్రమో చూసుకుని టీవీ పెట్టుకుంటే చాలు. ఆ సాయంత్రానికి ముందు నెలలో నన్ను పేరు అడగవద్దు.

పోలింగ్ రోజు వెలగపూడి శాసనసభకు వెళ్లి చూడవచ్చా?

లోపలికి వెళ్లలేరు. పోలింగ్ అయ్యాక పెట్టె ఢిల్లీ వెళుతుంది, ఓట్ల లెక్కింపంతా అక్కడే. 2022లో ఆ పెట్టెలకు విమానంలో ముందు వరుసలో విడిగా సీటు కొన్నారు. టికెట్టు మీద ప్రయాణికుడి పేరు ‘మిస్టర్ బ్యాలెట్ బాక్స్’. 2027 జూలైలో గన్నవరంలో విమానం ఎక్కే పని ఉంటే ముందు వరుస కేసి ఒకసారి చూడండి.